కర్ర తగలని దూది

నాచారంలో దూది నింపి రజాయిలు కుట్టే మొగిలయ్య దుకాణానికి శ్రీనిజను నేనే తీసుకువెళ్ళాను. దూదిని తానే ముట్టుకుని ఎంచుకుంటే, ఆ రజాయి కిందైనా నిద్రపోతుందని ఆశపడ్డాను. మా చెల్లెలు సంతోషిని ఆమె భర్త దుర్గేష్ ఉప్పల్‌లో, వాళ్ళింట్లోనే, మంచం కోడుతో కొట్టి చంపాడు. అడ్డం వెళ్ళిన ఆరేళ్ళ కూతురు శ్రీనిజ పక్కటెముకలు విరిచాడు. ఎముకలు అతుక్కున్నాయి. బరువైన దుప్పటి కప్పితే మాత్రం శ్రీనిజ ఇప్పటికీ కేక వేసి లేస్తుంది.

మొగిలయ్య మూడు రకాల దూది మా ముందు పెట్టాడు.

"ఇది ఫైబర్ టీచరమ్మా. ఉతుక్కోవచ్చు గని సెమట వడ్తది. ఇది పత్తి, మస్తు రోజులుంటది. ఇది బూరుగు దూది. కప్పుకున్నట్టే తెల్వది, గని కొన్నేండ్లకు ఉండలు గడ్తది."

శ్రీనిజ బూరుగు దూదిలో పెట్టిన వేళ్ళు తీయలేదు. ఎక్కువకాలం మన్నుతుందని నేను పత్తికి సరేనన్నాను.

ఏకిన పత్తిని గుడ్డ గలీబు తొడుగులో నింపి, అంతటా సమంగా పరుచుకోవడానికి మొగిలయ్య పొడుగు కర్రతో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పని నాకు కొత్త కాదు. చిన్నప్పుడు సంతోషీ నేనూ నిలబడి చూసేవాళ్ళం. పాపను తెచ్చేటప్పుడు అది గుర్తు రాలేదు. రెండో దెబ్బకే శ్రీనిజ నేలమీద ముడుచుకుని, తలమీద చేతులు పెట్టుకుంది.

"అమ్మను కొట్టకు డాడీ!"

మొగిలయ్య కర్ర వదిలేశాడు. నేను పాపను ఎత్తుకునేలోపే బయట బండి ఆగింది. దుర్గేష్ దిగాడు. బెయిలు దొరికిందని మాకెవరూ చెప్పలేదు. ఇంటి దగ్గరనుంచే వెంట పడినట్టున్నాడు.

"ఏం వదినా, నా బిడ్డకు రజాయి నువ్వు కుట్టిస్తవా? నేను సచ్చిన్ననుకున్నవా?"

"పాపను ముట్టుకోకు."

"సాక్ష్యం జెప్పించనీకి మంచిగనే సాదుతున్నవు. ఏయ్, లే! పోదాం."

శ్రీనిజ జుట్టు పట్టి లాగాడు. అడ్డం వచ్చిన మొగిలయ్య ముఖాన్ని మోచేత్తో పొడిచాడు. ముక్కులోంచి రక్తం పత్తిమీద పడింది. నన్ను కడుపులో తన్నాడు. కింద పడ్డప్పుడు చేతికి కర్ర తగిలింది.

లేచి అతని మోకాలి మీద కొట్టాను. జుట్టు వదిలాడు. ముంజేతి మీద కొట్టాను. ఏదో విరిగిన చప్పుడైంది. పడిపోయాక కూడా కొట్టాను. చెవి చీలింది.

"సంపకు వదినా!"

సంతోషి కూడా ఇలాగే అని ఉంటుంది. మళ్ళీ కొట్టాను.

"చాలు టీచరమ్మా! సస్తడు వాడు. ముందుగాల పాపను సూడు!"

చూశాను. శ్రీనిజ బూరుగు దూది గోనె వెనక నక్కి ఉంది. చేతులు తలమీదే ఉన్నాయి. ఈసారి భయంగా చూస్తున్నది నన్ను.

కర్ర కింద పెట్టాను. దగ్గరికి వెళ్ళబోతే ఇంకా వెనక్కి జరిగింది. గోనెకు ఇవతలే కూర్చున్నాను. గల్లీలోని వాళ్ళు వచ్చి దుర్గేష్‌ను పట్టుకున్నారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు.

"మొగిలన్నా, బూరుగు దూదినీ కర్రతో కొట్టాలా?"

అతను ముక్కుకు తువ్వాలు అదిమిపట్టి అన్నాడు: "కొడితే ఎగిరిపోతదమ్మా. దాన్ని చేతులతోనే సర్దాలె."

"అయితే అదే నింపు. ఉండలు కట్టినా సరే."

గోనెలోంచి పిడికెడు దూది తీసి గింజలు ఏరసాగాను. శ్రీనిజ చాలాసేపు నా చేతులనే చూసింది. తరువాత అవతలి వైపునుంచి తానూ కొంచెం తీసుకుంది. ఏరిన గింజలను నాకు అందనంత దూరంలో పెట్టుకుంది.