ఒక ఫోను, ఒక మనిషి

నవాజ్‌కి కోడు శుభ్రం చేయడమంటే పిచ్చి. కొందరికి పేకాట, కొందరికి కోడిపందేలు, ఇతగాడికిది. ఎవరో అడ్డదిడ్డంగా రాసి పడేసిన ప్రోగ్రాము చేతికిస్తే చాలు, తిండి మాట కూడా మరిచి, ఐదుచోట్ల ఉన్నదాన్ని ఒక్కచోటికి చేర్చి, పేర్లు సరిచేసి, అద్దంలా తుడిచి పెడతాడు. మంచి గుణమే, కాదనం. ఆ గుణమే 2004లో మంగళగిరి నేతపనివాడొకాయన కాలు తీసింది.

బెజవాడలో రక్తదాతల సంఘం ఒకటుండేది. దాని వెబ్‌సైటు రాసింది రామతులసి గారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, ముందుగానే రిటైరై, యాభయ్యో ఏట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకుని మరీ రాశారావిడ. ఏ గ్రూపు రక్తం, ఏ ఊరు అని కొడితే దాతల పేర్లూ ఫోన్లూ వచ్చేవి. ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచేయండి అంటూ కోడంతా నెట్‌లో పెట్టేశారు. వాడుకోవడానికి తెనాలివాళ్లొచ్చారు, బందరువాళ్లొచ్చారు. బాగుచేయడానికి మాత్రం ఒక్కడే వచ్చాడు. బెంజి సర్కిల్ దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే నవాజ్.

"నా రాత నాకే అర్థం కావట్లేదయ్యా. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట ఊడుతోంది" అన్నారావిడ. "నువ్వు కడిగి పెట్టు. ఏదన్నా తీసేసేటప్పుడు మాత్రం నన్నో మాటడుగు."

"అట్టాగేనండీ మేడం" అన్నాడు నవాజ్.

మూడు ఆదివారాలు కూర్చున్నాడు. కొత్త దాత పేరు చేర్చేచోట ఒక వింత కనిపించింది. ఫోన్ నంబరు కలిసినా ఆ కోడు ఊరుకోదు. పేరు చూస్తుంది, ఇంటిపేరు చూస్తుంది, తేడా ఉంటే వేరే మనిషని రాసుకుంటుంది. ఇదే తంతు ఐదు ఫైళ్లలో, ఐదు రకాలుగా. నవాజ్‌కి నవ్వొచ్చింది. ఫోను ఒక్కటైతే మనిషీ ఒక్కడే గదా, ఈ చాదస్తమంతా ఎందుకు? ఐదింటినీ పీకేసి నాలుగు వరసలు రాశాడు. ఒకే నంబరుతో ఉన్న పాత పేర్లన్నిటినీ ఒక్కటిగా కలిపేశాడు. తన ఆఫీసువాళ్లు ఇరవైమంది పేర్లు పెట్టి పరీక్ష చేస్తే అంతా సవ్యంగానే పనిచేసింది. ఎందుకు చేయదు, ఇరవైమంది జేబుల్లోనూ సెల్లులే! మార్పు పక్కన కారణం రాయాలి కాబట్టి "అక్కర్లేని చెత్త తీసేశాను" అని రాశాడు.

ఆవిణ్ణి అడిగాడా? అడగలేదు. ఆదివారంపూట పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకని అనుకున్నాడట. అబద్ధం. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. ఆ వారంలోనే పూనా నుంచి ముక్కూమొహం తెలియని మనిషెవరో "కోడు ముచ్చటగా ఉంది" అని మెయిలు పంపితే, ప్రింటు తీసి నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. ఇల్లలకగానే పండగ కాదని అతనికి చెప్పేవాళ్లు లేకపోయారు.

నెల తిరక్కుండానే, మంగళగిరిలో వెంకటప్పయ్య అనే నేతపనివాడు నూలు కట్ట సైకిలుకు కట్టుకుని హైవే దాటుతుంటే లారీ కొట్టింది. కుడికాలి పెద్ద రక్తనాళం తెగింది. ఆటోలో వేసుకుని బెజవాడ ఆస్పత్రికి తెచ్చారు. ఆపరేషన్ చేస్తే కాలు నిలుస్తుంది, కానీ ఆరు గంటల్లో చేయాలి, రక్తం కావాలి. ఆయనది ఓ నెగెటివ్. సంఘంవాళ్లు లిస్టు తెరిస్తే మంగళగిరి నుంచి బెజవాడ దాకా ఒక్క పేరూ రాలేదు. చివరికి ఏలూరు నుంచి మనిషిని రప్పించేసరికి తొమ్మిది గంటలు దాటింది. ప్రాణం దక్కింది. కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆ ఆదివారం సంఘం మీటింగుకి ఆమోసు అనే ఒకతను ఈ వార్త పడిన పేపరు పట్టుకుని వచ్చాడు. తాడేపల్లిలో రాళ్లు కొట్టే మనిషి.

"నాది ఓ నెగెటివేనండీ. మీరు పిలిస్తే రెండుసార్లొచ్చి ఇచ్చాను. ఈసారి నన్ను పిలవలేదేంటండీ? శౌరమ్మగారి కొట్లో ఫోను మోగితే చాలు, నాకు కబురొచ్చేసుద్దండీ" అన్నాడు. కోపంగా కాదు, చిన్నబుచ్చుకున్నట్టు అడిగాడు.

శౌరమ్మ కొట్టు నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూశారు. ఆ నంబరు మీద ఇంకెవరిదో ఒక్క పేరుంది, అది బీ పాజిటివ్. ఆ వీధిలో ఏడుగురు దాతలున్నారనీ, ఏడుగురూ ఆ కొట్టు నంబరే ఇచ్చారనీ ఆమోసు చెప్పాడు.

నవాజ్‌కి అప్పుడు వెలిగింది. పీపీ నంబరు! ఇంట్లో ఫోను లేనివాళ్లు పక్కింటిదో కొట్టుదో నంబరిచ్చి, పక్కన పీపీ అని రాయడం ఊరంతటికీ తెలిసిన సంగతి. ఆటోనగర్లో లేతు మిషను మీద పనిచేసే వాళ్ల నాన్న నబీకి చుట్టాల ఫోన్లన్నీ సందు చివర టీకొట్టుకే వచ్చేవి. "నవాజూ, ఫోనొచ్చింది, మీ నాన్నని పిలవరా" అని కేకేస్తే చెప్పుల్లేకుండా పరిగెత్తినవాడే ఇతను. కాలేజీ దరఖాస్తులో కూడా ఆ నంబరే రాశాడు. జేబులోకి సెల్లు వచ్చి రెండేళ్లు కాలేదు, అప్పుడే మరిచిపోయాడు దొరబాబు!

"చూశారా అమ్మా, మీ ప్రోగ్రాము గందరగోళంగా ఉందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా" అన్నారు సంఘం కార్యదర్శి బసవపున్నయ్య గారు, రామతులసి గారి వైపు చూస్తూ. "ఈ కుర్రాడొచ్చి సర్దబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకెన్ని పేర్లు మింగేసేదో!"

"నాదే తప్పండీ. ఇంక నేను దాన్ని ముట్టుకోను" అన్నారావిడ తల వంచుకుని.

బసవపున్నయ్య గారు నవాజ్ భుజం తట్టారు. నవాజ్ తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. ఆవిడ సంచీ తీసుకుని మెట్లు దిగిపోయారు. అప్పుడూ మెదపలేదు.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి సత్యనారాయణపురంలో ఆవిడ ఇంటికి వెళ్లాడు. కూర్చోమంటే కూర్చోకుండా, నిలబడే అంతా చెప్పాడు.

"నువ్వు చేసిన ప్రతి మార్పూ ముందు నా దగ్గరికే వచ్చింది. సరే అని నొక్కింది నేనే. చదవకుండా నొక్కాను. పొందిగ్గా రాశాడు, నాకేం తెలుసులే అనుకున్నా" అన్నారు. "ఇరవై ఆరేళ్లు పీపీ కాల్సు కలిపినదాన్ని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? మరి నిన్న అందరిలో ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండీ."

"నాకు చెప్తే నీ బరువు తగ్గుద్దేమో. చెప్పాల్సింది నాకు కాదు నాయనా."

ఆవిడ దగ్గరున్న పాత కాపీలోంచి పేర్లు వెనక్కి తెచ్చాడు. మొత్తం మూడు వందల పన్నెండు మంది. మార్పు పక్కన మొదట "చిన్న సవరణ" అని రాసి, సిగ్గేసి కొట్టేశాడు. "నేను చెత్త అనుకుని తీసేసింది మనుషుల్ని. తప్పు నాది, రామతులసి గారిది కాదు" అని పేరుతో సహా రాసి, బసవపున్నయ్య గారికి ఫోన్ చేసి అదే చదివి వినిపించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని అతనికీ తెలుసు.

శనివారం మంగళగిరి వెళ్లాడు. వెంకటప్పయ్య నులకమంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. పక్కనే గుంటమగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. ఆ మగ్గం కాళ్లతో తొక్కితే గానీ ఆడదు.

"మీ కాలు పోయింది నావల్లేనండీ" అని మొదలుపెట్టి, కంప్యూటర్ మాట వీలైనంత తక్కువగా వాడి అంతా చెప్పాడు. రక్తమిచ్చే మనిషి ఉన్నాడనీ, ఆయన పేరును తనే తుడిచేశాడనీ చెప్పాడు. తిడతారనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

వెంకటప్పయ్య అంతా విని, "ఆయనది ఏ ఊరు బాబూ?" అని అడిగాడు.

"తాడేపల్లండీ."

"తాడేపల్లా?" అని ఆయన భార్య వైపు తిరిగాడు. "మనం ఆస్పత్రికి పోయింది తాడేపల్లి మీదుగానే గదే?"

"అక్కడే గదయ్యా, దాహమన్నావని ఆటో ఆపించి నీకు నీళ్లు పట్టించాను" అందామె. అని, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.