ఆరు పట్టెల తివాచీ

చెల్లెలు సిగ్నే అరవయ్యో ఏట పెళ్లి చేసుకుని అవతలి దీవికి వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లు అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి బతికిన ఇంట్లో హిల్డూర్ ఒక్కతే మిగిలింది. పెళ్లికి ఆమె వెళ్లలేదు. జ్వరమని కబురు పంపింది.

సెప్టెంబరు చివర్లో, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, అటక మీది పాత మగ్గాన్ని ముక్కలుగా కిందికి దించి పెద్దగదిలో బిగించింది. ఆ గది నేలంతా పరుచుకునేలా పేలికల తివాచీ నేయాలని పూనుకుంది. ఐదేసి మీటర్ల పట్టెలు ఆరు నేసి, పక్కపక్కనే పెట్టి కుట్టాలి. దుకాణం నడిపే మాయ్‌బ్రిట్ పడుగు నూలు చేతికిస్తూ నవ్వింది.

“ఆరు పట్టెలా? కప్పేది నీ గదినా, చర్చినా?”

“గదినేలే. నడిచేది నేనొక్కదాన్నేగా, నా తర్వాత కూడా అరగదు,” అంది హిల్డూర్.

పడుగు నూలును మగ్గం వెనక దండెకు, అంటే గుండ్రటి దూలానికి, చుట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు దండె తిప్పుతుంటే ఇంకొకరు నూలును బిగువుగా పట్టుకోవాలి. ఆ పట్టుకునే పని ఎప్పుడూ సిగ్నేదే. మాయ్‌బ్రిట్ వస్తానంటే హిల్డూర్ వద్దంది. నూలు కొసలకు నీళ్ల బకెట్లు వేలాడదీసి, నాలుగు చుట్లు తిప్పడం, వెళ్లి బకెట్లు సర్దడం, మళ్లీ వచ్చి తిప్పడం. రెండు రోజులు పట్టింది. తీరా చూస్తే మొదటి పట్టె పక్కకు వంకరపోయింది. రెండు మీటర్లు నేసింది నేసినట్టే ఊడదీసి, మళ్లీ మొదటికొచ్చింది.

సముద్రం గడ్డకట్టేసరికి నాలుగు పట్టెలయ్యాయి. మగ్గం చప్పుడు ఆగితే ఇల్లు భరించరానంత నిశ్శబ్దమైపోయేది. అందుకని కాఫీ కూడా మగ్గం ముందు కూర్చునే తాగేది. ఐదో పట్టె సగంలో పేలికలు అయిపోయాయి. తన పాత బట్టలన్నీ అప్పటికే చింపేసింది. మిగిలింది చెల్లెలు వదిలేసిన బీరువా. దాన్ని తెరిచి, మూసి, మూడో రోజు సిగ్నేకి ఫోను చేసింది.

“నీ బట్టలు చింపనా?” అని అడిగింది.

“చింపక్కా. నాకిక్కడ వాటితో పనిలేదు.”

ఆ మాట హిల్డూర్‌కి గుచ్చుకుంది. “నీ పెళ్లి రోజు నాకు జ్వరమేమీ లేదే,” అంది.

“తెలుసు. మా ఆయన ఎవర్ట్‌కి మాత్రం చెప్పలేదు. మా అక్క మంచం మీద ఉందనే అందరికీ చెప్పాను,” అంది సిగ్నే.

హిల్డూర్ నీలం కోటునూ గళ్ల గౌనునూ వేలెడేసి వెడల్పున చింపుకుంటూ పోయింది. చింపుతున్నప్పుడు ఏడవలేదు. నేస్తున్నప్పుడు మాత్రం రెండు మూడుసార్లు పేలికలు చుట్టిన నాడె పక్కన పెట్టాల్సి వచ్చింది. చలికాలం పోయేలోపే ఆరు పట్టెలూ కలిపి కుట్టి గదినిండా పరిచింది.

ఏప్రిల్‌లో మంచు కరిగి పడవ తిరగ్గానే సిగ్నే ఒక్కతే వచ్చింది. గుమ్మంలోనే బూట్లు విప్పి, గోడ నుంచి గోడ దాకా మేజోళ్లతో నడిచింది. నీలం చార మీద ఆగి, తమ కొత్త ఇంట్లో చలి ఎక్కువని, ఎవర్ట్ మంచివాడే గానీ రోజుకు పది మాటలైనా మాట్లాడడని చెప్పింది. తిరిగి వచ్చెయ్యమనే మాట హిల్డూర్ నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లెలు వస్తానని అనలేదు. తనూ అడగలేదు.

సాయంత్రం నాలుగింటి పడవకు రేవుదాకా వెళ్లి సాగనంపింది. పడవ దీవి మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడి, ఎవరూ పలకరించకూడదని వెనక దారిన ఇల్లు చేరింది.