ఎర్ర మాత్ర తెచ్చిన కడుపు

నగరిలో ఆ మరమగ్గాల వీధి ఆడవాళ్ళకు మనిషిని చూడనక్కరలేదు, మింగే మాత్రను చూస్తే చాలు. నీలం మాత్ర అయితే బడిపిల్ల. పొడుగ్గా తెల్లగా ఉంటే షుగరు. ఎర్రది అయితే కడుపుతో ఉన్న మనిషి. ఆశా వర్కరు ఇన్నేళ్ళుగా ఆ ఎర్ర అట్టలు గర్భిణులకే పంచుతూ రావడంతో ఇందులో వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

అలాంటి ఎర్ర అట్టలు, కబడ్డీ నేర్పే ప్రసన్నకుమారి మేడం తొమ్మిదో తరగతి చదివే రాజశ్రీ చేతిలో పెట్టింది. రాజశ్రీ తెచ్చి తల్లికి ఇచ్చింది. తల్లి జయంతి వాటిని చూడగానే ముందు వీధి తలుపు వేసింది.

"తెచ్చేటప్పుడు ఎవురన్నా చూసినారామే?"

"సంచిలో ఉండాయి మా."

"సంచి జిప్పు వేసినావా?"

"అది తెగిపోయి సంవత్సరమైంది మా."

జయంతి కిటికీ కూడా మూసింది. పక్కింటి పిల్లి తుమ్మినా దాని వెనక ఏదో ఉందని అనుకునే మనిషి ఆమె.

సంగతేమంటే, రాజశ్రీ మొదటి సగం ఆటలో పులి. కూతకు పోయిందంటే ఇద్దరిని తాకి వచ్చేది. రెండో సగానికి కాళ్ళు ఈడ్చేది, గీత దాటి పోయిన మనిషి వెనక్కి వచ్చేది కాదు. చిత్తూరులో జిల్లా జట్టు క్యాంపు పెట్టినప్పుడు తిరుపతి నుంచి వచ్చిన డాక్టరమ్మ ఆడపిల్లలందరికీ రక్తపరీక్ష చేయించింది. ఫలితం చెప్పే రోజు తల్లుల్ని కూడా పిలిచారు.

"రక్తం బాగానే ఉందమ్మా, ఐరన్ నిల్వలే అడుగంటినాయి," అంది డాక్టరమ్మ.

"నిలవది మా ఇంట్లో తిననీము మేడం. ఏ పూటకా పూట వండుతా," అంది జయంతి, తన వంటకు మచ్చ తగిలినట్టు.

ప్రసన్నకుమారి మేడం దగ్గొచ్చినట్టు అటు తిరిగింది. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా చెప్పింది. ఈ పూటకు కుండలో అన్నం ఉంది, డబ్బాలో బియ్యం లేవు, అలాంటిది. ఎగిరి దూకి చెమటోడ్చే ఆడపిల్లలకు, దానికి తోడు నెలనెలా రక్తం పోయేవాళ్ళకు ఇది మామూలే. రోజు విడిచి రోజు ఒక మాత్ర, నిమ్మకాయ నీళ్ళతో. ఆ వేళకు పాలూ కాఫీ దగ్గరికి రానీయకూడదు. రెండు నెలలకు మళ్ళీ పరీక్ష. నిల్వ పెరిగితే రాష్ట్ర పోటీలకు జట్టులో ఉంటుంది, లేకపోతే ఇంకో పిల్ల పోతుంది.

ఎనిమిదితో బడి ఆపించి తనకు పెళ్ళి చేసిన సంగతి జయంతి ఎవరి దగ్గరా ఎత్తదు. కూతురు గీత దాటి పోయి వస్తుంటే చూడడం మాత్రం ఆమెకు ఇష్టం. అత్త కుప్పమ్మకు ఆ ఆటే కిట్టదు. నిక్కరు వేసుకుని మట్టిలో పొర్లే ఆడపిల్లను మాన్పించి మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టడానికి ఆమె ఒక మంచి కారణం కోసం చూస్తూ ఉంది. ఆ కారణం ఇప్పుడు ఎర్రగా, అట్టలు అట్టలుగా ఇంట్లోకి వచ్చింది.

జయంతి వాటిని కందిపప్పు డబ్బాలో దాచింది. ఆ ఇంట్లో పప్పు తీసేది కుప్పమ్మే అన్న సంగతి కంగారులో గుర్తు రాలేదు.

మరుసటి రోజు కుప్పమ్మ అట్టను రెండు వేళ్ళతో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఇవి ఎవురివి?"

ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు. అడుగుతున్నది ఒకరు. మిగిలినవాళ్ళలో ఒకరికి పద్నాలుగేళ్ళు.

"నావే అత్తా. రొంత నీరసంగా ఉంటే..."

నీరసం మాట కుప్పమ్మ చెవి దాకా పోలేదు. ఆమె అట్టను కళ్ళకద్దుకుని మళ్ళీ పప్పులోనే జాగ్రత్తగా పెట్టి, చెంగు బిగించుకుని నీళ్ళు పట్టే నెపంతో వీధి కొళాయి దగ్గరికి పోయింది. బిందె తీసుకుపోవడం మరిచిపోయింది.

సాయంత్రానికి ఎదురింటి అమల పుల్ల మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూకారం చల్లి తెచ్చింది.

"ఏంది జయంతక్కా, ఇన్నేళ్ళకు. మాతో ఒక మాట చెప్పకూడదా?"

జయంతి ముక్క నోట్లో పెట్టుకుంది. నోట్లో ముక్క ఉన్నంతసేపూ అబద్ధం చెప్పనక్కరలేదు.

ఆమె భర్త మునిప్రసాద్‌ది శ్రీ సిటీలో కంపెనీ పని. ఆ రాత్రి బస్సు దిగి వచ్చి చెప్పులు విడవకుండానే అడిగాడు.

"నాకు కొడుకు పుడతాండాడంట. మన వీధి ఆదిమూలం చెప్పినాడు, బస్సులో. నేను గూడా ఇంట్లోనే ఉండాను కదమ్మే, నాకు ఆఖర్న తెలియాల్నా?"

జయంతి గొంతు తగ్గించి అంతా చెప్పింది.

"అయితే మా అమ్మకు నిజం చెప్పేస్తా."

"చెప్పు. రేపట్నుంచి పాప కండెలు చుడతాది."

మునిప్రసాద్ అప్పుడు చెప్పులు విడిచాడు. "మరి ఎవురన్నా అడిగితే నేనేం అనాల?"

"ఏమీ అనొద్దు. సిగ్గుపడు, చాలు."

సిగ్గుపడడం ఆయనకు బాగానే కుదిరింది. వీధి నమ్మేసింది.

ఇక ఆ ఇంట్లోకి తిండి రావడం మొదలైంది. కుప్పమ్మ దానిమ్మకాయలు తెచ్చింది, ఖర్జూరం తెచ్చింది. ఆదివారం మేక లివరు మిరియాలేసి వేయించింది. వారంలో రెండుసార్లు మునగాకు. కోడలు వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె కంచంలో ఏముందో ఎన్నడూ చూడని మనిషి, ఇప్పుడు కంచం నిండిందా లేదా అని వంగి చూస్తోంది.

"దిష్టి తగులుతుందత్తా, గదిలో తింటా," అనేది జయంతి. గదిలో రాజశ్రీ కూర్చుని ఉండేది.

"మా, ఇదంతా అవ్వ తమ్ముడికి పెడతాండాది గదా. వాడు పుట్టి అడిగితే?"

"పుట్టనోడు అడగడులే, తిను."

కుంకుమపువ్వు వేసిన పాలు మాత్రం జయంతే తాగింది. పిల్ల మాత్ర మింగే వేళకు సరిగ్గా ఆ గ్లాసు వచ్చేది, పాలు పక్కకు కూడా రాకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా. పుట్టబోయేవాడు తెల్లగా పుట్టాలని పోసిన పాలు అలా ఆమె కడుపులోకి పోయాయి. మొదటి రోజు భయంతో తాగింది. తర్వాత తర్వాత గ్లాసు రావడం ఆలస్యమైతే గుమ్మం వైపు చూసేది.

రెండో నెల నిండేసరికి కుప్పమ్మ కళ్ళు కోడలి నడుం మీదినుంచి మనవరాలి మీదికి తిరిగాయి.

"ఏమ్మే, నీ కడుపులో పడాల్సిందంతా ఈ పిల్ల బుగ్గల్లో పడతాండాది. రేపు పుత్తూరులో స్కానింగు తీపిద్దాం పద. టోకెను గూడా చెప్పి పెట్టినా."

జయంతికి ఆ రాత్రి నిద్ర లేదు. స్కానింగులో ఏం కనపడుతుందో ఆమెకు తెలుసు, కుంకుమపువ్వు పాలు కనపడతాయి.

తెల్లవారి కుప్పమ్మ పట్టుచీర కట్టుకుని బయలుదేరే వేళకు, అమల సాగనంపడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉండగా, ప్రసన్నకుమారి మేడం స్కూటీ ఆపి నవ్వుతూ లోపలికి వచ్చింది.

"రాజశ్రీ రెండో రక్తపరీక్ష ఫలితం వచ్చిందమ్మా. నిల్వ బాగా పెరిగింది. కర్నూలులో జరిగే రాష్ట్ర పోటీలకు జట్టులో పేరు ఖాయం. ఆ ఎర్ర మాత్రలు మానకుండా మింగించారు, అందుకే."

మేడం ఒక్కతే నవ్వుతూ ఉంది. కుప్పమ్మ కోడలిని చూసింది, మనవరాలి బుగ్గల్ని చూసింది, చివరకు గుమ్మంలో ఉన్న అమలను చూసింది. ఇప్పుడు నోరు చేసుకుంటే మనవడు లేడన్న మాటా, మనవరాలు ఎర్ర మాత్ర మింగిందన్న మాటా కలిసి ఒకే కొళాయి దగ్గరికి పోతాయి.

"మింగించకుండా ఎట్లమ్మా," అంది కుప్పమ్మ. "నేనే దగ్గరుండి సూసుకున్నా. మేక లివరు, దానిమ్మ. ఆడే పిల్లకు నిల్వ ఉండాల గదా."

అమల తట్టుకోలేకపోయింది. "మరి జయంతక్కకు కడుపని నువ్వే కదత్తా కొళాయి కాడ..."

"నేను మాత్ర అన్నా. కడుపు మీరన్నారు."

మేడం పోయాక అమల, తన వదిన కూతురు కూడా మెట్లెక్కితే ఆయాసపడుతుందనీ, ఆ మాత్రలు ఆటాడని పిల్లలకు కూడా ఇస్తారా అనీ గొణిగి, ముందు రక్తం చూపించమని జయంతి చెప్తే తలూపి వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తాకోడళ్ళు మిగిలారు. కుప్పమ్మ పట్టుచీరతోనే నేల మీద కూర్చుంది.

"రెండు నెలలూ వాడి పేరు చెప్పి తినిందా అది?"

"అవునత్తా."

"వాడికి పేరు గూడా అనుకునుంటి."

జయంతి తిట్లకు సిద్ధపడి ఉంది. ఈ మాటకు సిద్ధపడి లేదు. ఏ పేరో అడగాలనిపించింది, అడగలేకపోయింది.

"కోపముంటే నన్ను తిట్టత్తా. పాప ఆట ఆపొద్దు."

"ఇంక ఎట్లాపేదిమే? నేనే మింగించినానని ఆ అమలతో చెప్పేస్తి గదా. అది కొళాయి కాడికి పోయే ఉంటాది. ఇప్పుడు ఆ పిల్ల గెలవకుంటే పోయేది నా మొగం."

కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న రాజశ్రీని పిలిచింది.

"ఏమే, ఇంతకూ ఆడ ఏం సేస్తారు మీరు? అరుసుకుంటా పోయి దేనికి తాకేది?"

రాజశ్రీ తల్లి వైపు చూసింది. తర్వాత ఇటుక ముక్కతో నేల మీద అడ్డంగా గీత గీసి, అవ్వను గీతకు అవతల నిలబెట్టి, ఇవతలికి వచ్చి కూత మొదలుపెట్టింది. వంగి, పక్కకు జరిగి, ఊపిరి తెగకుండా గుండ్రంగా తిరిగి, పట్టుచీర అంచును వేలితో తాకి వెనక్కి వచ్చేసింది.

"అవుటైపోతివి అవ్వా."

"ఎట్లా అవుటు?" అంది కుప్పమ్మ. "నేనింకా కదల్నే లేదు."