శాలువా కప్పిన పద్యం

పెళ్లై పదకొండు రోజులు. పొద్దున్నే కాల్చిన రొట్టె మీద ఆలివ్ నూనె పోసుకుని, మా ఆయన ఎలాదియో కప్పులోంచి కాఫీ దొంగతనంగా తాగడం నాకింకా పండగలాగే ఉంది. ఆ పెళ్లి ఫోటో సంగతి గుర్తొస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

మా కోర్దోబా ఊళ్లో చర్చి నుంచి కొత్త జంట తిన్నగా ప్రేమికుల స్మారకం దగ్గరికి వెళ్తుంది. వెయ్యేళ్ల కిందటి రాకుమారి, ఆమెను ప్రేమించిన కవి. ఇద్దరూ అరబ్బీలో పద్యాలు రాసినవాళ్లే. రాతి దిమ్మె మీద రెండు కంచు చేతులు, కింద ఓ పక్క అతని పద్యం, ఇంకో పక్క ఆమెది. పెళ్లికొడుకు అతని పద్యం చదువుతాడు, ఫోటో తీస్తారు. ఆమె పద్యాన్ని ఎవరూ చదవరు. ఇంకొకతె వెంట పడ్డావని అతన్ని అందులో కడిగేసింది మరి. కాలేజీలో అరబ్బీ చదివిన నాలుగేళ్లూ నాకు తోడున్నది ఆమే.

మా అత్తగారు ఒబ్దూలియా తన పట్టు శాలువా తీసి ఫోటోగ్రాఫర్‌కి ఇచ్చింది. అతను అలవాటుగా దాన్ని రాకుమారి పద్యం మీద కప్పాడు. తీసెయ్యమన్నాను.

"పెళ్లిరోజున ఆ తిట్లెందుకే ఫుయెన్‌సాంతా? నా పెళ్లికీ కప్పారు. నలభై ఏళ్లు కాపురం చెయ్యలేదా?" అంది అత్తగారు.

మామగారు బతికున్నన్నాళ్లూ శుక్రవారాలు ఎవరింట్లో గడిపారో పేటంతటికీ తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఎలాదియో నా చెవిలో, "ఒక్క ఫోటోనే కదా, ఊరుకో" అన్నాడు.

అందుకూ నాకు మండింది. మొదటి రోజే ఊరుకుంటే ఇక జన్మంతా ఊరుకోవడమే. శాలువా లాగేసి, ఆమె పద్యాన్ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. చుట్టాలంతా బూట్ల వంక చూసుకున్నారు. అత్తగారు మే నెల ఎండలో శాలువా మెడ దాకా చుట్టుకుని కారెక్కి కూర్చుంది. తర్వాత ఎలాదియో తన వంతుగా కవి పద్యం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి గాని, నా చెయ్యి వదల్లేదు.

నిన్న ఫోటో వచ్చింది. జుట్టు నిండా చర్చి దగ్గర చల్లిన బియ్యం గింజలు, బిగించిన పెదవులు, నా వెనక రాకుమారి పద్యం ప్రతి అక్షరమూ. భోజనాల బల్ల పైన తగిలించాను. అది గోడ మీద ఉన్నంతకాలం మా ఇంట్లో ముద్ద ముట్టనని అత్తగారు కబురు పెట్టింది.

"ఆదివారం అమ్మ భోజనానికి రావాలి కదా, ఒక్కపూటకి దించుదామా?" అన్నాడు ఎలాదియో, బతిమాలుతున్నట్టు.

ఆదివారం రెండు పళ్లేలే పెట్టమన్నాను.