ఆరిందో లేదో

ఇంట్లోనే జెల్ గోళ్లు పెట్టుకోండని ఆన్‌లైన్‌లో కిట్లు అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఒక చిన్న లైటు, మూడు సీసాలు పెట్టెలో పెట్టి పంపిస్తారు. అంతే, ఇల్లే పార్లర్ అయిపోతుందట! జనం దాన్ని చర్మం మీదికి పూసుకుని, వేళ్లు బొబ్బలెక్కాక నా దగ్గరికి వస్తారు. కోదాడ బస్టాండు వెనక సందులో ఉంది నా పార్లర్. నాగరాణి పార్లర్ అంటే ఎవరైనా చూపిస్తారు. సూర్యాపేటలో ఒకావిడ దగ్గర తిట్లు తిని నేర్చుకున్న పని ఇది. దీన్ని వీడియో చూసి పది నిమిషాల్లో చేసేస్తామంటే కడుపు మండదా మరి?

ఆ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా మూత తీస్తుంటే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు ఒక పెద్దామె, వెనక తలనిండా కొంగు కప్పుకున్న పిల్ల.

"బిడ్డా, జర షట్టర్ కిందికి గుంజు" అంది పెద్దామె.

ఆమె పేరు గోపమ్మ, ఊరు నడిగూడెం. పిల్ల ఆమె కోడలు అశ్విని.

"దీని గోర్ల రంగు తియ్యాలె. రేపే దినాలు. గాజులు, బొట్టు రేపు తీస్తరు. మొగడు సచ్చిన పిల్లకు ఎర్రగోర్లేందని వచ్చినోళ్లంతా అడుగుతున్రు. గ్యాస్‌నూనె పెట్టి తోమినం, బ్లేడ్‌తోని గీకినం, పోతలేదు. దినాలు కాకముందు గడప దాటియ్యొద్దు. అయినా ఆటోల తెచ్చిన. ఏం జెయ్యాలె మరి."

చనిపోయింది ఆమె కొడుకే. సైదులు. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. పని దిగి బండి మీద ఇంటికొస్తూ గరిడేపల్లి దాటాక లారీ కింద పడ్డాడు. గోపమ్మ ఇదంతా పొరుగూరి సంగతి చెప్పినట్టు చెప్పింది. ఏడవలేదు. అశ్విని కూడా ఏడవలేదు. కూర్చోమంటే కూర్చుంది, చేతులు చాపమంటే చాపింది. ఆ చేతులు అప్పుడే బియ్యం కడిగి వచ్చినట్టు చల్లగా ఉన్నాయి.

గోళ్లు చూశాక నా నోరు ఆగలేదు. రంగు గోరు దాటి చర్మం మీదికి పాకింది. ఒకచోట గడ్డ, ఒకచోట ఖాళీ. దానికి తోడు బ్లేడు గాట్లు.

"గోడకు జాజు పూసినట్టు గిదేం పూసుడమ్మా! కిట్ తెప్పిచ్చిన్రు గదా? నాకెరుకే. పెట్టినదాని చేతులిరగ!"

నేను గోళ్ల ఫైల్ తీసుకుని రాపడం మొదలుపెట్టాను. పైన మెరిసే పొర పోతే గానీ మందు లోపలికి దిగదు. ఒక్కో గోరూ గరుకుగా రాపి, అసిటోన్‌లో ముంచిన దూది పెట్టి, పైన ఫాయిల్ చుట్టుకుంటూ పోయాను. ఎర్రపొడి నా ఒళ్లో గుడ్డ మీద రాలుతూనే ఉంది, నా తిట్లూ సాగుతూనే ఉన్నాయి.

చివరికి ఎడమచేతి బొటనవేలు మిగిలింది. పట్టుకోబోతే అశ్విని పిడికిలి మూసేసింది. లోపలికి వచ్చాక ఆ పిల్ల తనంతట తాను చేసిన పని అదొక్కటే.

"ఇది వద్దక్కా."

"ఏందే, వద్దేంది?" అంది గోపమ్మ.

"ఆయన పెట్టిండు." బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. "మా చెల్లె పెండ్లికి. పార్లర్‌కు తీస్కపోతనన్నడు, మిల్లుల సెలవియ్యలే. కిట్ తెప్పిచ్చి ఆయనే కూసొని పెట్టిండు. లైట్ల పెట్టకముందే ఆరిందో లేదోనని ప్రతి గోరు ముట్టి సూసిండు. వద్దన్నా ఇనలే."

మామూలు రంగుకు అలవాటుపడ్డవాళ్లు చేసే తప్పే అది. ఈ రంగు గాలికి ఆరదు, లైటు కింద పెడితేనే గట్టిపడుతుంది. ముందే ముట్టుకుంటే ముట్టుకున్న గుర్తు అలాగే నిలిచిపోతుంది. నేను బల్లమీది దీపం కిందికి వంచి ఆ బొటనవేలిని తిప్పి చూశాను. ఎర్రటి గోరు మధ్యలో సన్నటి గీతలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఉన్నాయి. వేలిముద్ర. అచ్చంగా ఒక మనిషి వేలిముద్ర.

మిగిలిన తొమ్మిది గోళ్ల మీద ఏముందో నేను చూడలేదు. తిట్టడంలో ఉన్నాను. అదంతా పొడై నా ఒళ్లో ఉంది. నా చేతులిరగ.

"ఏదీ" అంటూ గోపమ్మ లేచి వచ్చింది. కోడలి వేలు పట్టుకుని దీపం దగ్గరికి లాగింది. చాలాసేపు చూసింది.

"బస్తాలు మోసి మోసి వాని ఏళ్లు అరిగినయ్. రేషన్ షాపు మిషన్ల ఎన్నడు పడలే. ఏలు పడ్తలేదని ఊకె తిప్పి పంపేటోళ్లు" అంది. "గీడ పడ్డదా."

ఫాయిల్‌లు ఒక్కొక్కటే తీసి, మెత్తబడిన రంగును పుల్లతో నెట్టేశాను. తొమ్మిది గోళ్లు తెల్లగా, బోసిగా తేలాయి.

"బిడ్డా, దీని మీద ఏమన్న పూస్తే గిట్లనే ఉంటదా?" అని అడిగింది గోపమ్మ.

"ఏం పూసినా గీతలు పూడిపోతయ్ పెద్దమ్మా. నా తాన ఉన్నయన్నీ నున్నగ చేసేటియే. గిట్లనే వదిలెయ్యాలె. గోరు పెరిగినకొద్ది ముందుకు పోతది. ఆఖరికి కత్తిరియ్యక తప్పదు."

ఉన్నమాటే చెప్పాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

గోపమ్మ సగం దించిన షట్టర్ కింద నుంచి రోడ్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత, "కట్టుగుడ్డ ఉందా?" అంది. ఉన్న పేలిక ఇచ్చాను. కోడలి బొటనవేలికి తనే చుట్టింది, గోరు ఏ పక్కనా కనబడకుండా. పళ్లతో చించి ముడేసింది.

"రేపు ఎవలన్న అడిగితే కత్తిపీటకు తెగిందని చెప్పు."

అశ్విని ఆ కట్టు వైపు చూసుకుంది.

"నొస్తుందా అని అడిగితే?"

"నొస్తుందని చెప్పు" అంది గోపమ్మ.