రాట్నాల వీధి పదకొండు సీసాలు

పదకొండు ఇళ్ళు. పదకొండు సీసాలు. అన్నింట్లోనూ ఒకే అంకె.

0.21.

ప్రొఫెసర్ బాలచంద్రన్ కంప్యూటరు తెరను తన దగ్గర పరిశోధన చేస్తున్న లోకేశ్వరి వైపు తిప్పారు. వేలూరులోని ఆ విశ్వవిద్యాలయంలో నీటి పరిశోధన విభాగానికి ఆయనే పెద్ద. కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఇప్పుడు బాగా తగ్గించారు.

“గుడియాత్తం, రాట్నాల వీధి. మీ వీధే కదా? పదకొండు ఇళ్ళకు పదకొండు బోర్లు. ఒక్కోదాని లోతు ఒక్కో రకం. ఫ్లోరైడ్‌లో మాత్రం ఇసుమంత తేడా లేదు. ఎలా?”

“మెషిన్ తప్పేమో సార్.”

“మిగతా నూట తొంభై సీసాలను ఇదే మెషిన్ చూసింది.”

లోకేశ్వరి తెర మీది పదకొండు వరసలను మళ్ళీ చదివింది. 

“సాయంత్రం నాలుగింటికి జాబితా పంపేస్తాను” అన్నారాయన. “ఇరవై వీధులకు ఇరవై వడపోత యంత్రాలు. నీళ్ళు బాగున్న వీధికి యంత్రం ఇవ్వలేం. అదొక్కటే కాదు. మన అంకెల్ని చూసే కెన్యాలో మనతో పనిచేస్తున్న వాళ్ళు తమ యంత్రాల్లో మందు ఎంత వేయాలో తేల్చుకుంటారు. మనం ఇక్కడ తప్పు రాస్తే అక్కడెవరో తాగుతారు. వెళ్ళి చూసి రా.”

లోకేశ్వరి ఫీల్డ్ మీటరు సంచీలో వేసుకుని బయటపడింది. సంచీ పక్క జేబులో ఆమె స్టీలు సీసా ఎప్పటిలాగే ఉంది.

బస్సు పళ్ళికొండ దాటింది. ఎంత వద్దనుకున్నా ఆమెకు ఆ ఫారాలే గుర్తొస్తున్నాయి. ప్రతి సీసాకూ ఒక ఫారం. ప్రతి ఫారంలోనూ ఒక గడి. ‘మోటారు వేసి ఐదు నిమిషాలు నీళ్ళు వదిలాక, నేనే స్వయంగా పట్టాను.’ మిగతా వీధులన్నింట్లోనూ అలాగే చేసింది. ఎండలో నిలబడి, గడియారం చూసుకుని, తన చేత్తోనే పట్టింది.

రాట్నాల వీధిలో చేయలేదు.

అది ఆమె పుట్టి పెరిగిన వీధి. ‘నువ్వు కూర్చో పాపా, పోసుకొస్తాం’ అని చిన్నమ్మ ధనమ్మ ఆమె చేతిలోంచి సీసాలు లాక్కుంది. లోకేశ్వరి అరుగు మీద కూర్చుంది. ఫోను చూసుకుంది. సీసాలు తిరిగొచ్చాయి. పదకొండు గడుల్లో పదకొండు టిక్కులు పెట్టింది.

రెండున్నరకు వీధిలో అడుగుపెట్టింది. ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడు. కైలీలు, అంటే లుంగీల నేత. ధనమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. ఎదురింటి పచ్చయమ్మ పక్కనే చేరి కబుర్లు చెబుతోంది.

“ఏం పాపా, ఒక మాట చెప్పకుండా వచ్చినావు! ఉండు, కాఫీ పెడతా.”

“కాఫీ వద్దు చిన్నమ్మా. ఆ పొద్దు సీసాల్లో నీళ్ళు యాడ పట్టినారు?”

“సూడక్కా” అంది పచ్చయమ్మ నవ్వుతూ, “అంత పెద్ద సదువు సదివి నీళ్ళు యాడ పడతారో అడుగుతా ఉండాది.”

“నవ్వొద్దత్తా. నిజంగా అడుగుతా ఉండా. బోరులోనే పట్టినారా?”

ధనమ్మ రాట్నం ఆపింది. “బోరు నీళ్ళా? ఆ ఉప్పునీళ్ళు ఎవురన్నా పోస్తారా? మంచి నీళ్ళే పోసినాం. దుడ్డిచ్చి కొనే క్యాను నీళ్ళు.”

“అందరూనా?”

“ఆమా, అందరూనే. ఆ వారం మా ఇంట్లోనే క్యాను ఉండె. అందరూ ఈడికే వచ్చి పట్టుకోని పోయినారు. నేనే ఒక్కొక్క సీసా సోపు ఏసి కడిగి ఇస్తిని.”

పదకొండు సీసాలు. ఒకటే క్యాను. 

ఆ వీధి పద్ధతి ఆమెకు తెలియనిదా! క్యాను చుట్టాలకు. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళకు, నూలు తెచ్చే మేస్త్రీకి, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళకు. ఇంటివాళ్ళకు బోరు. క్యాను అడుగంటినా ఇంటివాళ్ళు దాన్ని ముట్టరు. గడప దాటి వచ్చినవాళ్ళకు ఉప్పునీళ్ళు ఇచ్చిన ఇల్లు అని పేరు పడితే తల ఎత్తుకోలేరు.

“అయ్యో చిన్నమ్మా! అది పరీక్షకు! మీ నీళ్ళలో ఏముందో చూసేదానికి!” గొంతు లేచింది. “మంచి నీళ్ళిస్తే మాకేం తెలుస్తుంది? ఇంత కూడా తెలియదా?”

రెండు మగ్గాలు ఆగాయి. పక్కింటి కోకిల గుమ్మంలోంచి తొంగి చూసింది.

 ధనమ్మ చూపు సంచీ పక్క జేబులోని స్టీలు సీసా మీద పడి అక్కడే ఆగింది.

“నువ్వే తాగవు గదా పాపా” అంది మెల్లగా.

“ఏంది?”

“ఈ బోరు కింద నోరు పెట్టి తాగి పెరిగినదానివి. ఇప్పుడు ఎప్పుడొచ్చినా ఆ సీసా సంకన పెట్టుకోని వస్తావు. నా చేతి కాఫీ కూడా వద్దంటావు. మా పాపకే మా నీళ్ళు అసయ్యం అయితే, దాని సారుకు ఎట్ల పంపేది? సీసా మీద మా పేరు కూడా రాసినావు. మానం పోదా?”

లోకేశ్వరి సీసాను సంచీ లోపలికి తోసేసింది.

అసహ్యం కాదు. అంతకన్నా పెద్ద తప్పు. ఎనిమిది నెలల కింద, నాలుగు వీధుల అవతలి నీళ్ళ ఫలితాలు మొదట చూసింది తనే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. నాలుగు ఉంది. ఆ సాయంత్రమే వేలూరు బజారులో ఈ స్టీలు సీసా కొంది. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. పూర్తి ఫలితాలు రాకుండా బయట చెప్పకూడదని రూలు ఉందనుకుంది. రూలు ఉన్నది అంకెల మీద. ‘చిన్నమ్మా, ఆ నీళ్ళు తాగొద్దు’ అనడానికి ఏ రూలూ అడ్డం లేదు.

లోపల మగ్గం ఆగింది. చిన్నాయన కన్నప్ప మగ్గం గుంటలోంచి పైకి వస్తున్నాడు. దూలానికి ఒక నైలాన్ తాడు వేలాడుతోంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, వంగని మోకాళ్ళను ఒక్కొక్కటిగా పైకి లాక్కుంటున్నాడు. ఆ తాడు ఆమె అంతకుముందే చూసింది. అడగలేదు.

మూడూ పది.

లోకేశ్వరి ఫోను తీసి స్పీకరు పెట్టింది. సారుతో ఎప్పటిలాగే తమిళంలో మాట్లాడింది. ఇంట్లో తెలుగైనా, వీధిలో అందరికీ తమిళం అర్థమవుతుంది. అవ్వాలి.

“సార్, మెషిన్ తప్పు కాదు. ఈ వీధిలో నేను బోరు దగ్గరికే పోలేదు. అరుగు మీద కూర్చున్నాను. వాళ్ళు క్యాను నీళ్ళు పోశారు. ఫారంలో నేనే పట్టానని టిక్కు పెట్టాను. పదకొండూ అబద్ధం.”

 అవతల నుంచి గొంతు వచ్చింది, ఇంకా తగ్గి.

“మిగతా నూట తొంభై?”

“అవి నేనే పట్టాను సార్.”

“అది ఇక నేను ఎలా నమ్మను?”

ఆమె ఫోనును అరుగు మీద పెట్టింది. 

“నీ సీసాలన్నీ పక్కన పెట్టేస్తున్నాను. వీధుల జాబితా మాత్రం ఈ రోజు వెళ్తుంది, యంత్రాలు బిగించేలోపు అన్నీ మళ్ళీ పట్టాలి. నీ వెంట ఇంకొకరు ఉంటారు. ఈ పరిశోధన పత్రం మీద నీ పేరు ఉండదు. మీటరు ఉందా?”

“ఉంది సార్.”

“నాలుగు గంటల లోపల మూడు బోర్లు చూసి, వీడియో తీసి పంపు. ఎక్కువ వస్తే మీ వీధికి ఒక చోటు ఖాళీగా ఉంచుతాను. నీ కోసం కాదు.” ఫోను పెట్టేశారు.

పచ్చయమ్మ నవ్వు ఎప్పుడో పోయింది. “మా వల్లనా పాపా?” అంది.

“కాదత్తా. మోటారు వేస్తావా?”

ధనమ్మ పెరట్లో మోటారు వేశారు. లోకేశ్వరి గడియారం చూస్తూ ఐదు నిమిషాలూ నిలబడింది. కోకిల ఫోనుతో వీడియో తీసింది. నీళ్ళు తేటగా, మెరుస్తూ పారాయి. చూస్తే ఎవరూ అనుమానించరు. ఆమె తన చేత్తో పట్టి, తెచ్చిన మందు కలిపి, మీటరులో పెట్టింది.

3.9.

పచ్చయమ్మ ఇంట్లో 4.2. కోకిల ఇంట్లో 3.6. ఏ రెండూ ఒకటి కాలేదు. నాలుగింటికి ఆరు నిమిషాలు ఉండగా మూడు వీడియోలూ వెళ్ళాయి. ‘చోటు ఉంచాను’ అని సారు నుంచి రెండు ముక్కలు తిరిగొచ్చాయి.

తల ఎత్తేసరికి కన్నప్ప గోడ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఏముండాదమ్మా దాంట్లో?”

“ఫ్లోరైడ్ చిన్నాయనా. కంటికి కనపడదు. కాచినా పోదు. ఏండ్లు ఏండ్లు తాగితే ఎముకలు బిగుసుకుంటాయి.”

ఆయన తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. “ఇదంతా వయసు అనుకుంటి” అన్నాడు. తర్వాత మామూలుగా, నూలు రంగు అడిగినట్టే అడిగాడు. “నీకు ఎన్ని దినాలుగా తెలుసు?”

అబద్ధం సిద్ధంగానే ఉంది. ఈ రోజే తెలిసిందని అనొచ్చు. మీటరు ఇప్పుడే కదా చూపించింది. ఎవరూ కాదనరు.

“ఎనిమిది నెలలు” అంది.

  కోకిల ఫోను దించింది. పచ్చయమ్మ తన కొంగు అంచును చూసుకుంటూ ఉండిపోయింది.

ధనమ్మ లోపలికి వెళ్ళింది. వంటింటి మూల చుట్టాల కోసం ఉంచిన క్యాను మీద నుంచి గుడ్డ తీసిన చప్పుడు, దాన్ని వంచిన చప్పుడు వినిపించాయి. నిండు చెంబుతో బయటికి వచ్చింది. చుట్టాలకిచ్చే నీళ్ళు తనకేననుకుని లోకేశ్వరి చెయ్యి ముందుకు వెళ్ళింది.

ధనమ్మ ఆమెను దాటుకుని వెళ్ళి, చెంబు కన్నప్ప చేతిలో పెట్టింది.

“తాగు” అంది. “ఇంగ మీద ఇది మనకు.”

కన్నప్ప తాగుతున్నంతసేపూ లోకేశ్వరి చెయ్యి అలాగే ఉంది. తర్వాత దాన్ని దించుకుని, సంచీలోంచి కొత్త ఫారం తీసి, నాలుగో ఇంటి తలుపు కొట్టడానికి వెళ్ళింది.