మేక కాగితం కాదు

మా పెళ్లి కాగితం కాల్చింది నేనే.

పోర్చుగీసువాళ్లు మొజాంబిక్ వదిలి పోయిన మరుసటి ఏడు, మపూటోలో మా పేట సభలో కాల్చాను. చర్చి ముద్ర దొరల ముద్ర అన్నారు కొత్తగా గద్దెనెక్కిన పార్టీవాళ్లు. కాగితాన్ని నా పెళ్లాం ఫ్లోరిండా పెట్టె అడుగున బట్టల కింద దాచింది.

"వద్దయ్యా. నా పేరున్న కాగితం అదొక్కటే."

లాక్కుపోయాను. సభంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు మా పక్కింటి జెఫానియాస్. మా పెళ్లిలో మేకమాంసం మూడుసార్లు అడిగి వేయించుకున్నవాడు.

ఏడేళ్లు గడిచాయి. నాకు రేవులో క్రేను పని, పనికార్డు. ఫ్లోరిండా రేవు గేటు దగ్గర వేయించిన వేరుశనగలు అమ్మేది. దానికి కార్డు ఇవ్వరు. ఎనభై మూడులో కొత్త హుకుం వచ్చింది. పనికార్డో పెళ్లి కాగితమో చూపించలేని ఆడదాన్ని పట్నంలో ఉండనివ్వరు. ఉత్తరాన నియాసా అడవుల్లో పొలం పనికి తోలేస్తారు.

ఆమెను చేపల క్యూలో పట్టుకున్నారు. కబురు అందగానే, పట్టుకున్నవాళ్లను ఉంచిన గోదాముకు పరుగెత్తాను. బల్ల వెనక, పార్టీ తరఫున పేర్లు రాసుకుంటూ జెఫానియాస్ కూర్చుని ఉన్నాడు.

"కాగితం ఏది, కామ్రేడ్?"

"ఏం కాగితంరా? కాలుస్తుంటే చప్పట్లు కొట్టింది నువ్వు కాదూ? మా పెళ్లిలో మేకను తిన్నావు కదరా!"

"తిన్నాను. ఉప్పు కాస్త తగ్గింది. అయినా మేక కాగితం కాదుగా."

వెనక తుపాకులవాళ్లు నవ్వారు.

"రిజిస్ట్రారు దగ్గర మళ్లీ పెళ్లి చేసుకుంటాం. రెండ్రోజులు ఆపు."

"విమానం ఈ మధ్యాహ్నమే. నీ పెళ్లామే అయితే నువ్వూ ఎక్కు. చోటుంది. నీ కార్డు ఇలా పడెయ్."

అరచెయ్యి చాపి ఉంచాడు. కార్డు నా చొక్కా జేబులో ఉంది. జేబు మీద చెయ్యి వేశాను. తియ్యలేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఇనుప వల అవతలి నుంచి ఫ్లోరిండా చూస్తోంది. ఖాళీ చేపల సంచి ఇంకా చేతిలోనే ఉంది.

"ఆయన్ని పోనివ్వండి. నా మొగుడు కాదు. రాసుకోండి," అంది.

జెఫానియాస్ రాసుకున్నాడు.

నన్ను కాపాడటానికే ఆ మాట అందని పేటలో అనుకున్నారు. నా చెయ్యి చూసి అంది.

రెండో వానాకాలంలో జ్వరంతో పోయిందని, అక్కడి నుంచి తిరిగొచ్చిన ఒకామె చెప్పింది. గొయ్యి ఆడవాళ్లే తవ్వారట.

జెఫానియాస్ ఇప్పుడు చర్చిలో ముందు బల్ల మీద కూర్చుంటాడు. ఎదురుపడితే "బాగున్నావా అన్నా" అంటాడు. ఉమ్మేసి పోతాను.

పోయినేడు గుర్తింపు కార్డు మార్చుకోవడానికి వెళ్లాను. కిటికీ వెనక గుమస్తా తలెత్తలేదు.

"పెళ్లయిందా తాతా?"

"అయింది. ఆమె పోయింది."

"పెళ్లి కాగితమో, చావు కాగితమో ఉందా?"

"లేదు."

"అయితే పెళ్లి కాలేదనే రాయాలి. రాయనా?"

రాయమన్నాను. ఫ్లోరిండా రాయించిందీ అదే.